మహమ్మారి నాటి చిల్లర వర్తకము

2020వ సంవత్సరము మార్చి 25వ తేదీ తెలుగువారికి శార్వరి నామ సంవత్సరాది. శార్వరి యనగా రాత్రి. పేరులోని శకునమును నమ్మువారు నమ్ముదురుగాక. నమ్మనివారు సైతము ఆనాడు చూచినది మూతవడిన వీధులనే. ముందటి రాత్రి 12 గంటల నుండి దేశమంతటను 21 దినముల లాక్‌డౌన్ అమలులోనికి వచ్చెను. తెలుగు రాష్ట్రములు రెండును అంతకు ముందే తలుపులు వేసికొన్నవి. ఉగాది బేరమునకై అంగళ్లకు చేరునది వేపపూత, మామిడికాయ, పూలదండ, కొత్తబట్ట. వీనిలో మొదటి మూడును నాలుగు దినములైనను నిలువయుండునవి కావు. నాలుగవది నిలువయుండును గాని, దానిపై తెచ్చిన అప్పు ఉన్నచోట ఉండదు, పెరుగును. చిన్న వర్తకునికి ఆ యేడు వచ్చిన కష్టమంతయు ఈ రెండు తీరులలోనిదే: సరకు కుళ్లుట, లేదా వడ్డీ పెరుగుట.

2020 ఏప్రిల్ మొదలు జూన్ వరకు గల మూడు మాసములలో దేశపు స్థూలోత్పత్తి అంతకు ముందటి యేటితో పోల్చినచో దాదాపు 24 శాతము తగ్గెనని ప్రభుత్వపు లెక్కలే చెప్పినవి. ఆ అంకె పత్రికలలో పెద్ద అక్షరములతో అచ్చయినది. కాని అందులో పెద్ద మిల్లు వాటా ఎంత, వీధి మొగనున్న ఇస్త్రీ బండి వాటా ఎంత అని విడదీసి చూచినవారు తక్కువ. 2015-16లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారము దేశములో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలు 6 కోట్ల 34 లక్షలు. వానిపై బ్రతుకువారు 11 కోట్లు. ఆ సంస్థలలో నూటికి తొంబదితొమ్మిది సూక్ష్మములే. అనగా ఒక మనిషియో, ఒక ఆలుమగల జంటయో నడుపునవి. "సంస్థ" యను మాట వానికి బరువైన తలపాగా వంటిది. అచట యజమానియు, గుమాస్తాయు, కూలియు ఒక్కడే.

ఉపాధ్యాయులు తరగతిలో లాభనష్టముల లెక్కలు చెప్పుచుందురు. కొన్న వెల, అమ్మిన వెల, లాభశాతము. ఆ లెక్కలలోని వర్తకుడు అదృష్టవంతుడు. అతడు కొన్న సరకంతయు అమ్ముడుపోవును. అతనికి అద్దె లేదు, ఇంటిలో తినువారు లేరు, జబ్బు చేయదు. వీధిలోని వర్తకుని లెక్క వేరు. ఒక ఇడ్లీ బండిని తలచుకొనవచ్చును. ఉదయము 1,500 రూపాయలు పెట్టి పప్పు, బియ్యము, నూనె, గ్యాసు తెచ్చినచో సాయంకాలమునకు 2,000 రూపాయలు వచ్చుననుకొందము. ఆ 500 ఇంటికి, 1,500 మరునాటి బండికి. ఈ 1,500 రూపాయలు ప్రతిరాత్రియు సంచిలో నిద్రించి ప్రతి ఉదయమును మేల్కొనును. పెట్టుబడి యన్నది అంతే. బండి నిలిచిపోయిన మొదటి దినమున ఇంటివారు లాభమును తినలేరు, ఏలయన అది రాలేదు. కావున రెండవ దినము నుండి సంచిలోని 1,500 తినుటకు మొదలుపెట్టుదురు. మూడు దినములలో పెట్టుబడి అన్నమైపోవును. లాక్‌డౌన్ మే 31 వరకు సాగెను. ఆ పిమ్మట బండి తోలుకొని రమ్మన్నను, తోలుటకు బండి యున్నది గాని పప్పునకు డబ్బు లేదు. పెద్ద వర్తకునికి కలిగినది నష్టము. ఈ చిన్నవానికి కలిగినది పెట్టుబడి యొక్క మరణము. ఈ భేదము తెలియనిచో తరువాత చేసిన సాయములలో ఏది తగినదో, ఏది చాలనిదో తెలియదు.

పెట్టుబడి పోయినవాడు మొదట ఎక్కడికి పోవును? బ్యాంకునకు కాదు. తెలుగు పట్టణములలో ప్రతి బజారునకును ఒక రోజువారీ ఫైనాన్సు గలదు. పదివేల పత్రము వ్రాసికొని తొమ్మిది వేలు చేతికిచ్చి, నూరు దినములు దినమునకు నూరు రూపాయల చొప్పున వసూలు చేయుట ఆ వ్యాపారపు వాడుక. పైకి చూచుటకు వెయ్యి రూపాయల వడ్డీయే. కాని అసలు ప్రతిదినమును తరుగుచుండును గనుక, నూరు దినములకు సగటున చేతిలో ఉండునది నాలుగున్నర వేలే. దానిపై వెయ్యి యనగా, ఏడాదికి లెక్కించినచో వడ్డీ 80 శాతమునకు చేరును. తొమ్మిదవ తరగతి విద్యార్థి కాగితము మీద వేసి చూడవచ్చును. ఐనను ఆ వ్యాపారి బండివానికి శత్రువు గాడు, పొరుగువాడు. హామీ అడుగడు, కాగితములు అడుగడు, తెల్లవారి ఆరు గంటలకే వచ్చును. బ్యాంకు ఆ గంటకు తెరువదు.

ఈ స్థితిలో ప్రభుత్వములు ఊరకుండలేదు. 2020 జూన్ 1న కేంద్ర ప్రభుత్వము పట్టణములలోని వీధి వర్తకులకు పి.ఎం. స్వనిధి యను పథకము ప్రారంభించెను. పూచీకత్తు లేకుండ 10,000 రూపాయల అప్పు, ఏడాదిలో తీర్చవలెను, సకాలమున తీర్చినవారికి 7 శాతము వడ్డీ రాయితీ. అదే యేడు నవంబరు 25న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము జగనన్న తోడు పేర చిరువర్తకులకు పదివేల వడ్డీలేని అప్పు ఇప్పించుటకు పూనుకొనెను. రోజువారీ ఫైనాన్సు యొక్క 80 శాతమునెదుట ఇవి రెండును చల్లని నీడలే. ఈ విషయమున వంక పెట్టుట న్యాయము కాదు. ఇడ్లీ బండి సంచిలోనికి మరల 1,500 రూపాయలు రావలెనన్నచో ఈ పదివేలు నిజముగా చాలును. చిన్న మొత్తమని నవ్వినవారు సంచిని చూడనివారు.

కొంచెము పెద్ద సంస్థలకై మే నెలలో ప్రకటించిన 3 లక్షల కోట్ల రూపాయల హామీ అప్పుల పథకము మాట వేరు. 2020 ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులో ఎంత బాకీ యున్నదో, అందులో 20 శాతము క్రొత్త అప్పుగా ఇచ్చుట దాని సూత్రము, పూచీ ప్రభుత్వమునది. బాకీ యున్నవానికే మరల అప్పు. ఏనాడును బ్యాంకు గడప త్రొక్కక, సొంత సొమ్ముతోను, చుట్టముల చేబదులుతోను, చీటీ పాట డబ్బుతోను అంగడి నడిపినవానికి ఆ 20 శాతము సున్నకు 20 శాతము. అప్పులేని జీవితము మేలని చిన్ననాట బడిలో నేర్చినవారికి ఇది చేదైన పాఠము.

అప్పు వేరు, ఆదాయము వేరు. ఈ మాట చెప్పుటకు అర్థశాస్త్రము అక్కరలేదు గాని, ఆ యేడు పలువురు దానిని మరచిరి. బ్యాంకు వాయిదాలు మూడు నెలలు ఆపుచున్నామని రిజర్వు బ్యాంకు 2020 మార్చి 27న చెప్పెను. పిదప మరి మూడు నెలలు పొడిగించి ఆగస్టు 31 వరకు చేసెను. కట్టనక్కరలేదని విని సంతోషించినవారు చాలమంది. వడ్డీ మాత్రము ఆగలేదు. 2021 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఆరు మాసములకు వడ్డీపై వడ్డీ కూడదని తీర్పు చెప్పెను. అసలు వడ్డీ మాత్రము వర్తకుని మీదనే నిలిచెను. అంగడి మూసి కూర్చున్న కాలమునకు అంగడివాడే వడ్డీ చెల్లించుట ఎట్లు ధర్మమగునో చెప్పుట కష్టము. మూయుమన్నది అతడు కాదు. ప్రజల ప్రాణముల కొరకు మూయించిరి; అది తప్పుకాదు. కాని అందరి మేలునకై కలిగిన వెలను అందరును పంచుకొనవలెను గదా.

ఈ వెల ఎవరిపై ఎట్లు పడినదో చూచుటకు చేనేత కంటె తగిన తావు లేదు. మంగళగిరిలోనైనను, పోచంపల్లిలోనైనను, ధర్మవరములోనైనను నేతగానికి వేసవి పెండ్లిండ్లే పంట. లాక్‌డౌన్ వచ్చినది సరిగా ఆ మాసములలోనే. పలువురు నేతగాండ్రు మాస్టర్ వీవరు ఇచ్చు నూలుతో మజూరీకి నేయుదురు. చీర అమ్ముడుపోయిన మాస్టర్ వీవరు మరల పడుగు ఇచ్చును. చీరలు బీరువాలో పేరుకొన్నచో పడుగు రాదు. పడుగు లేని మగ్గము వట్టి కొయ్య. ఇక మగ్గము ప్రక్క కండెలు చుట్టు స్త్రీలు, ఆసు పోయువారు, రంగులద్దువారు ఉందురు. వీరికి లెక్కలలో పేరు తక్కువ, పనిలో భాగమెక్కువ. 2019-20లో జరిగిన నాలుగవ చేనేత గణనలో నేతవారును, అనుబంధ పనివారును కలిసి 35 లక్షలకు పైగా తేలిరి. ఆంధ్రప్రదేశ్‌లో నేతన్న నేస్తము క్రింద ఏడాదికి ఇచ్చు 24,000 రూపాయలను 2019 డిసెంబరులో ఒకమారు ఇచ్చియు, ఏడాది నిండకుండగనే 2020 జూన్ 20న రెండవ విడత ఇచ్చిరి. ఇది అప్పు కాదు, తిరిగి అడుగని డబ్బు. దాని మేలు అంతింతనరాదు. కాని ఆ సాయము సొంత మగ్గము కలవారికి. పరుల మగ్గముపై కూలికి నేయువాడు, కండెలు చుట్టునామె అందు చేరలేదు. విచిత్రమేమనగా, ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవము కాగా, దానికి కొలది దినముల ముందే కేంద్ర ప్రభుత్వము అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేసెను. ఆ బోర్డు ఎంత పని చేసెనన్నది వేరు ప్రశ్న. కష్టకాలమున విన్నపము చెప్పుకొను గుమ్మమొకటి తగ్గుట మాత్రము నిజము.

సిరిసిల్ల సంగతి దీనికి ఎదురుగా నిలుచును. అది చేనేత కాదు, మరమగ్గముల ఊరు. కావున పోలికను మితముగానే చేయవలెను. 2017 నుండి తెలంగాణ ప్రభుత్వము బతుకమ్మ పండుగకు పంచు కోటి చీరల వరకు పని అచటి మగ్గములకు అప్పగించుచు వచ్చెను. 2020లోను ఆ పని ఆగలేదు; ఆ యేటి పండుగకును చీరలు పంచిరి. చీరల నాణ్యమును గూర్చి గొణుగుడు లేకపోలేదు. కాని సిరిసిల్ల మగ్గము ఆడినది, కూలి వచ్చినది, ఆ కూలితో కిరాణా అంగడి బాకీ తీరినది. అట్లే 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచుటకు నిశ్చయించి, కుట్టుపనిని మహిళా సంఘములకు ఇచ్చెను. కుట్టు మిషను గల ఇంట ఆ నెలలో పొయ్యి వెలుగుటకు అది కారణమైనది. అప్పిచ్చువాడు వర్తకుని నమ్మినట్లు. కొనువాడు వర్తకుని బ్రతికించినట్లు. ప్రభుత్వము దేశములోకెల్ల పెద్ద కొనుగోలుదారు. ఈ శక్తిని ఆ యేడు ఇంకను ఎక్కువగా వాడియుండవలసినదని చెప్పుట సాహసము కాదు.

ఉపాధ్యాయులకు ఈ విషయము పరాయిది కాదు. వీధివీధినా గల చిన్న ప్రైవేటు బడి కూడ ఒక చిరువ్యాపారమే. అద్దె యిల్లు, నూరు నూటయేబది మంది పిల్లలు, నెలనెలా వచ్చు ఫీజు. ఆ ఫీజు ఇచ్చువారు ఆటో నడుపువారు, మేస్త్రీలు, చిన్న అంగళ్లవారు. వారి సంపాదన ఆగిన ఫీజు ఆగును. ఫీజు ఆగిన జీతము ఆగును. కష్టము ఇట్లు మెట్టు మెట్టుగా దిగి నల్లబల్ల యొద్దకు వచ్చినది. తెలంగాణలో 2021 ఫిబ్రవరిలో తొమ్మిది, పది తరగతులకు తెరచిన బడులు మార్చిలో మరల మూతవడినవి. ఈ మధ్యకాలమున బి.ఎడ్. చదివినవారు అరటిపండ్ల బండ్లు తోసిరి, టిఫిను బండి పెట్టిరి, ఉపాధిహామీ పనికి గునపము పట్టిరి. పత్రికలలో వారి చిత్రములు వచ్చినవి. ఆ చిత్రములను చూచి "అయ్యో" యన్నవారిలో పలువురు బండి తోయుటనే అవమానముగా తలచిరి. అది సరికాదు. బండి తోయుట అవమానము కాదు. పదునెనిమిదేండ్లు చదివి, పదేండ్లు పాఠము చెప్పి, రెండు నెలల జీతము నిలువలేకుండుట అసలు విషయము. 2021 ఏప్రిల్ నుండి తెలంగాణ ప్రభుత్వము గుర్తింపు పొందిన ప్రైవేటు బడుల ఉపాధ్యాయులకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ఇచ్చెను. ఆ సాయము చేరునప్పటికి లాక్‌డౌన్ మొదలై ఏడాది దాటినది.

బడిని నమ్ముకొన్న వ్యాపారములు ఇంకను చిన్నవి. గేటు ప్రక్కన జామకాయలకు ఉప్పుకారము చల్లి అమ్ము ముసలమ్మ, నోటు పుస్తకముల అంగడి, యూనిఫారములు కుట్టు దర్జీ, పిల్లలను ఎక్కించుకొను ఆటోవాడు. వీరిలో పుస్తకముల అంగడివాని చిక్కు వేరు విధము. టైలు, బెల్టులు, బ్యాడ్జీలు ఒక్కొక్క బడి పేరుతో ముందుగనే చేయించి యుంచును. ఒక బడి బెల్టును వేరొక బడి పిల్లవానికి అమ్ముటకు వీలులేదు. ఆ బడియే మూతవడినచో అది సరకు కాదు, పేరు వ్రాసిన పీలిక. ఏ బ్యాంకు లెక్కయందును ఇట్టి నష్టమునకు గడి లేదు.

ఇక బ్రతుకుటకు వారు పట్టిన దారులు. వృత్తి మార్చుట మొదటిది. ఆటో నడుపువాడు, దర్జీ, పంతులు, సినిమా హాలు ముందర మొక్కజొన్నపొత్తులు కాల్చువాడు, అందరును కూరగాయలే అమ్మజూచిరి. కూరగాయలు అమ్ముటకు అనుమతి యుండుటయే కారణము. వీధికి ఇద్దరుండవలసినచోట ఎనమండుగురైరి. ఆ యెనిమిదింటిలో పాతికేండ్లుగా అదే పని చేయు ఇద్దరును మునిగిరి. ఒకని ఉపాయము మరియొకని నష్టమగుట చిన్న వర్తకములో కనబడినంతగా మరెచ్చటను కనబడదు.

రెండవ దారి మెడలోని బంగారము. 2020 ఆగస్టులో రిజర్వు బ్యాంకు, వ్యవసాయేతర అవసరములకు బంగారముపై బ్యాంకులు ఇచ్చు అప్పు పరిమితిని విలువలో 75 శాతము నుండి 90 శాతమునకు, 2021 మార్చి 31 వరకు పెంచెను. ఆ ఆగస్టులోనే బంగారము ధర శిఖరమున నుండెను. మార్చి నాటికి ధర బాగుగా దిగెను. నూరు రూపాయల బంగారముపై తొంబది తెచ్చుకొని, ఆ బంగారము ఎనుబదికి దిగినచో జరుగునదేమో లెక్కల పంతులు చెప్పనక్కరలేదు. అంగడి తెరచియున్నదని పైకి లెక్క వ్రాసికొనువారికి ఇంటిలోని ఇల్లాలి మెడ కనబడదు. తెరచిన అంగడులన్నియు కోలుకొన్నవని చెప్పు నివేదికలను ఈ కారణముచే సగము నమ్మిన చాలును.

కిరాణా అంగడి మాత్రము కొంత నిలద్రొక్కుకొనెను. నిత్యావసరమని పూటకొన్ని గంటలు తెరువనిచ్చిరి. ముగ్గుతో గుండ్రములు గీసి మనుష్యులను దూర దూరముగా నిలిపిన అంగడివాడు, వారికి సరకుతో పాటు అరువు కూడ ఇచ్చెను. ఆ అరువు పద్దు పుస్తకము ఆ యేడు చేసిన మేలును ఎవరును లెక్కగట్టలేదు. జీతము రాని పంతులుగారికి బియ్యము ఇచ్చినది ముందుగా ఆ పుస్తకమే. బ్యాంకు హామీలన్నియు దాని తరువాతివే. అంతలో ఫోను చెల్లింపులును పెరిగినవి: 2020 ఏప్రిల్‌లో దేశమున నెలకు నూరు కోట్ల లోపు జరిగిన యూపీఐ చెల్లింపులు అక్టోబరు నాటికి ఇన్నూరు కోట్లు దాటినవి. చెల్లింపు గుర్తులు మిగులుట చిన్న వర్తకునికి మేలే. రేపు బ్యాంకు అప్పు అడుగునప్పుడు చూపుటకు ఆధారముండును. కాని "వచ్చే వారము ఇచ్చెదను" అను మాటకు ఆ యంత్రములో చోటు లేదు. ఇంత చేసిన చిల్లర వర్తకునికి సూక్ష్మ, చిన్న సంస్థల జాబితాలో చోటు లభించినది 2021 జూలై 2న. అదియు ప్రాధాన్య రంగపు అప్పుల వరకే.

నిలువలేని అంగళ్లు పోవుటయే మేలనియు, వాని స్థానమున పెద్ద దుకాణములు, ఇంటికే సరకు పంపు కంపెనీలు వచ్చిన ధరలు తగ్గుననియు వాదించువారు కలరు. మామూలు కాలమున ఈ వాదమునకు కొంత బలమున్నది. అసమర్థతను ఎల్లకాలము ప్రజల సొమ్ముతో పోషింపరాదు. కాని లాక్‌డౌన్‌లో నిలువలేకపోవుట అసమర్థతకు గుర్తు కాదు. ఏ పందెములోనైనను ఓడినవానిని ఓడినాడనవచ్చును. కాళ్లు కట్టి కూర్చుండబెట్టినవానిని అట్లనుట చెల్లదు. డబ్బు ఊరక పంచిన ఖజానా నిలువదన్న మాట కొంత నిజమే. అందుచేతనే కొనుగోలు మార్గము మంచిది. డబ్బు పోవును, సరకు మిగులును.

ఆ మార్గము కష్టమైనది కూడ కాదు. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు బట్ట, పుస్తకములు, సంచులు ప్రభుత్వములు ఏటేటా కొనుచునే యున్నవి. జూన్‌లో కావలసిన బట్టకు పని ఫిబ్రవరిలోనే అప్పగించినచో, వేసవిలో ఏ ఉపద్రవము వచ్చినను మగ్గముపై పడుగు ఉండును. కుట్టుపనిని ఊరి దర్జీలకు పంచవచ్చును. చిన్న సంస్థలకు 45 దినములలో డబ్బు చెల్లింపవలెనని 2006 నాటి చట్టమే చెప్పుచున్నది. ప్రభుత్వ కార్యాలయములు మొదట దానిని పాటించిన చాలు, క్రొత్త పథకము అక్కరలేదు. వీధి వర్తకుల జాబితాలు తయారుచేయవలెనని 2014 నాటి చట్టము చెప్పినది. ఆ జాబితాలు 2020 మార్చి నాటికి అన్ని పట్టణములలోను సిద్ధముగా లేనందుననే పేరు లేనివారు సిఫారసు లేఖలకై పురపాలక కార్యాలయములకు తిరుగవలసి వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టు 16న, తెలంగాణలో సెప్టెంబరు 1న బడి గంటలు మరల మ్రోగినవి. గేటు ప్రక్క జామకాయల గంపతో మరల వచ్చి కూర్చున్న ముసలమ్మలలో ఎందరి పేర్లు ఆ జాబితాలలోనికి ఎక్కినవో పురపాలక సంఘములే చెప్పవలెను.